పుష్పబాగ్ నుంచి లండన్ దాకా: బరోడా చిత్రకళా విద్యార్థుల కథ

బరోడాలోని మహారాజా సయాజీరావు విశ్వవిద్యాలయం 1950లో ఫైన్ ఆర్ట్స్ ఫ్యాకల్టీని తెరిచింది. అంతకు దాదాపు నూరేళ్ల ముందే మద్రాసు, కలకత్తా, బొంబాయి నగరాల్లో చిత్రకళా పాఠశాలలున్నాయి. వాటిలో చదివినవారికి డిప్లొమా దక్కేది తప్ప పట్టా దక్కేది కాదు. బి.ఎ. చదివినవాడితో సమానంగా బొమ్మలు గీసేవాడికీ విశ్వవిద్యాలయం డిగ్రీ ఇవ్వడం బరోడాతోనే ఊపందుకుంది. అప్పటి వైస్ చాన్సలర్ హంసా మెహతా. మన దేశంలో ఆడా మగా కలిసి చదివే విశ్వవిద్యాలయానికి వైస్ చాన్సలర్ అయిన తొలి మహిళ ఆమె. ఫ్యాకల్టీ నడిచింది పుష్పబాగ్ అనే పాత బంగళా ఆవరణలో.

చదువుకోసం మనుషుల్ని పైదేశాలకు పంపడం బరోడాకు కొత్త కాదు. 1875 నుంచి 1939 దాకా ఏలిన మూడో సయాజీరావు గాయక్వాడ్ ఖజానా నుంచి స్కాలర్‌షిప్పులిచ్చి యువకుల్ని ఐరోపాకూ అమెరికాకూ పంపేవాడు. 1913లో అలా కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్లినవారిలో బి.ఆర్. అంబేడ్కర్ ఉన్నారు. నెలకు పదకొండున్నర పౌండ్లు, మూడేళ్ల గడువు. తిరిగొచ్చాక పదేళ్లు సంస్థానంలో కొలువు చేస్తానని ఆయన ఒప్పంద పత్రం రాసివ్వవలసి వచ్చింది. కళల విషయంలోనూ ఆ రాజు చెయ్యి పెద్దదే. రవివర్మ చేత బొమ్మలు వేయించాడు. 1890లో చేతిపనులూ యంత్రవిద్యా నేర్పే కళాభవన్‌ను తెరిపించాడు. సినిమాల దాదాసాహెబ్ ఫాల్కే అక్కడ చదువుకున్నవాడే. 1894లో వెలసిన మ్యూజియంలో ఐరోపా తైలవర్ణ చిత్రాలుండేవి. గాయక్వాడుల స్మారకమైన కీర్తిమందిరం గోడల మీద నందలాల్ బోస్ 1939 నుంచి 1946 మధ్య గంగావతరణం, మీరా, అభిమన్యు వధ వంటి కుడ్యచిత్రాలు వేశాడు. 1950లో చేరిన తొలి విద్యార్థులకు ఇవన్నీ నడిచి వెళ్లి చూడగల దూరంలోనే ఉన్నాయి.

మొదటి అధ్యాపకుల్లో ఒక్కొక్కరిదీ ఒక్కో దారి. తొలి డీన్ మార్కండ్ భట్ అమెరికాలోని బార్న్స్ ఫౌండేషన్‌లో చదివి వచ్చాడు. చిత్రకళా విభాగం పెద్ద ఎన్.ఎస్. బేంద్రే ఇండోరువాడు, అమెరికా చూసి వచ్చినవాడు. శిల్పం నేర్పిన శంఖో చౌధురి శాంతినికేతన్‌లో రామ్‌కింకర్ బైజ్ శిష్యుడు. 1951లో వచ్చి చేరిన కె.జి. సుబ్రమణ్యన్ కేరళీయుడు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో చదువుతూ క్విట్ ఇండియా ఉద్యమంలో జైలుకెళ్లి, ఆ తర్వాత శాంతినికేతన్ చేరినవాడు. ఒకరి పద్ధతి ఒకరికి పడాలన్న నియమం లేదు. అలాంటివాళ్లు ఒకే ఆవరణలో పాఠం చెప్పడం విద్యార్థులకు ఎంత మేలు చేసిందో చెప్పనక్కర్లేదు. ఒకే గురువు చేతివాటాన్ని జీవితమంతా మోసే పని వాళ్లకు తప్పింది.

1950లలో పైదేశం పోవాలంటే కలిగినింటి బిడ్డకైనా ఇబ్బందే. విదేశీ మారకం కొరత వల్ల ప్రయాణికుడు వెంట తీసుకెళ్లే డబ్బుకు రిజర్వు బ్యాంకు గట్టి హద్దు పెట్టింది. చిత్రకారుడికి అసలు దారి స్కాలర్‌షిప్పే. ఆ దశకంలో వరసగా కొన్ని తలుపులు తెరుచుకున్నాయి. 1950 ఫిబ్రవరిలో భారత, అమెరికా ప్రభుత్వాల మధ్య ఫుల్‌బ్రైట్ ఒప్పందం కుదిరింది. బ్రిటిష్ కౌన్సిల్ సహాయంతో సుబ్రమణ్యన్ 1950ల మధ్యలో లండన్‌లోని స్లేడ్ స్కూలుకు వెళ్లివచ్చాడు. 1959లో ఆక్స్‌ఫర్డ్‌లో జరిగిన సమావేశంలో కామన్వెల్త్ స్కాలర్‌షిప్పుల పథకం రూపుదిద్దుకుంది. బరోడా ఈ పథకాన్ని వాడుకున్నంతగా మరో కళాశాల వాడుకోలేదేమో అనిపిస్తుంది. రతన్ పరిమూ కళాచరిత్ర చదవడానికి 1960లో లండన్‌లోని కోర్టాల్డ్‌కు వెళ్లాడు. గులాం మొహమ్మద్ షేక్ 1963లో రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్‌లో చేరాడు. మరుసటి ఏడు శిల్పి రాఘవ్ కనేరియా అక్కడికే వెళ్లాడు. 1966లో వివాన్ సుందరం స్లేడ్‌కు వెళ్లాడు. మొదటి బ్యాచ్ విద్యార్థి జ్యోతి భట్ దారి వేరు. 1961-62లో ఇటలీలోని నేపుల్స్ అకాడమీ, తర్వాత ఫుల్‌బ్రైట్ మీద 1964 నుంచి 1966 దాకా న్యూయార్కులోని ప్రాట్ ఇన్‌స్టిట్యూట్.

వీళ్లలో పరిమూ, షేక్, కనేరియా, భట్ తిరిగివచ్చి బరోడాలోనే పాఠాలు చెప్పారు. గాయక్వాడ్ కాలంలో లాగా పదేళ్ల ఒప్పంద పత్రం ఎవరూ రాయించుకోలేదు. రావడానికి ఒక ఉద్యోగం, పనిచేసుకోవడానికి ఒక ఆవరణ, వాదించుకోవడానికి నలుగురు స్నేహితులు ఉండటమే అందుకు చాలింది. బరోడాకు వచ్చిన పేరు సగం ఇందువల్లే. స్కాలర్‌షిప్పు పుచ్చుకున్నది ఒక మనిషే అయినా దాని ఫలితం ఆ తర్వాత ముప్పయ్యేళ్ల పాటు చేరిన పిల్లలందరికీ పంచినట్టయింది.

జ్యోతి భట్ ప్రాట్‌లో లోతుగా పట్టు సంపాదించిన విద్య ఎచింగ్. ఆయన తిరిగొచ్చాక బరోడా ప్రింట్ మేకింగ్ గది కళకళలాడింది. ఎచింగ్ చేసే తీరు చూస్తే ఆ గదిలో ఒంటరి పని ఎందుకు కుదరదో తెలుస్తుంది. జింకు రేకు మీద మైనం కలిసిన పూత పూస్తారు. సన్నని మొనతో పూతను గీరి బొమ్మ గీస్తారు. రేకును నత్రికామ్లంలో ముంచితే గీరినచోటే లోహం తినుకుపోయి గాడి పడుతుంది. పూత కడిగేసి, రేకంతా సిరా పులిమి, పలుచటి గుడ్డతో పైపైన తుడిస్తే గాడుల్లోని సిరా మాత్రం నిలుస్తుంది. తడిపిన కాగితం కప్పి ప్రెస్సు చక్రం తిప్పితే బొమ్మ కాగితానికెక్కుతుంది, కుడిఎడమలు తారుమారై. ఆమ్లం తొట్టెను కనిపెట్టుకుని ఉండేది ఒకరు, కాగితం తడిపేది ఒకరు, చక్రం తిప్పేది మరొకరు. సిరా అంటిన చేతుల్తో కాగితం ముట్టుకోకూడదు గనక పక్కవాడి సాయం అడగక తప్పదు.

లండన్ వెళ్లిన షేక్‌కు ఎదురైన అనుభవం ఇంకోరకం. రాయల్ కాలేజీ చిత్రకళా విభాగం అప్పట్లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియాన్ని ఆనుకునే ఉండేది. సురేంద్రనగర్ నుంచి బరోడా మీదుగా లండన్ చేరిన ఆ యువకుడు మొగలు, రాజస్థానీ సూక్ష్మచిత్రాలను తనివితీరా చూసింది అక్కడే. సెలవుల్లో ఇటలీ తిరిగి సియెనా నగరపు పాత కుడ్యచిత్రాలు చూశాడు. ఊరంతా ఒకే గోడ మీద, ఒకదానికొకటి సంబంధం లేని పనులు ఒకేసారి జరుగుతూ కనిపించే ఆ చిత్రాలకూ మొగలు చిత్రాలకూ చుట్టరికం ఉందని ఆయనకు తోచింది. 1981 నుంచి 1984 దాకా వేసిన ఆయన ‘సిటీ ఫర్ సేల్’ చిత్రంలో బరోడా నగరం, దాని అల్లర్లు, సినిమా హాలు అన్నీ ఆ పద్ధతిలోనే పేర్చి ఉంటాయి. ఆ చిత్రం ఇప్పుడున్నదీ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలోనే.

పైదేశం వెళ్లినవాళ్ల పేర్లే చెప్పుకుంటే బరోడా కథ సగమే. మిగతా సగం 1961లో మొదలైన ఫైన్ ఆర్ట్స్ ఫేర్. కళాశాల ఆవరణలో విద్యార్థులూ అధ్యాపకులూ కలిసి పెట్టిన తిరునాళ్లు అది. చేత్తో చేసిన బొమ్మలు, మట్టి పాత్రలు, నగలు, అచ్చులు, తోలుబొమ్మలు తక్కువ ధరకు ఊరివాళ్లకు అమ్మేవారు. వచ్చిన డబ్బు విద్యార్థుల అవసరాలకు పోయేది. నాటకాలు, బొమ్మలాటలు, పాటలు ఉండేవి. అంతకు ముందు రెండేళ్లు సుబ్రమణ్యన్ బరోడా వదిలి అఖిల భారత చేనేత బోర్డులో పనిచేశాడు. దేశంలోని నేతగాళ్ల, అద్దకంవాళ్ల పనిని దగ్గరగా చూసి తిరిగివచ్చిన ఏడాదే ఫేర్ మొదలవడం ఊరికే జరిగింది కాదు. చెక్కముక్కలు, పూసలు, తోలుపట్టీలు కలిపి ఆయన చేసిన జంతువుల బొమ్మలు ఫేర్‌లో జనాన్ని బాగా ఆకట్టుకున్నాయి. పిల్లల కోసం ఆయన బొమ్మలతో రాసిన చిన్న పుస్తకాలు కూడా అక్కడి అవసరం కోసం పుట్టినవే. బరోడాకు దగ్గర్లోని సంఖేడాలో లక్క పూసిన చెక్కపని ఉంది, మన ఏటికొప్పాక బొమ్మల వంటి రంగులూ నునుపూ దానివి. అలాంటి పనివాళ్లు తమకన్నా తక్కువవాళ్లు కారని పిల్లలు గ్రహించింది ఉపన్యాసాల వల్ల కాదు, ఫేర్‌లో అమ్ముడుపోయేంత బాగా ఒక బొమ్మ చేయడానికి తామే తంటాలు పడినందువల్ల.

నవరాత్రుల్లో ఆవరణలో గర్బా ఆడేవారు. ఏడాది చివర పరీక్ష కోసం పెట్టే ప్రదర్శనను ఊరివాళ్లూ వచ్చి చూసేవారు. 1956లోనే బేంద్రే, ఆయన శిష్యులు బరోడా గ్రూప్ పేరుతో బయటి నగరాల్లో ప్రదర్శనలు మొదలుపెట్టారు. 1962లో బొంబాయి నుంచి వచ్చిన భూపేన్ ఖాఖర్ వృత్తికి అకౌంటెంటు. బరోడాలో చేరింది కళావిమర్శ కోర్సులో. పగలు లెక్కలు చూసుకుంటూనే వాచీలు బాగుచేసే కొట్టు, క్షౌరశాల వంటి మామూలు దుకాణాలను బొమ్మల్లోకి తెచ్చాడు. 1963లో ఢిల్లీలో గ్రూప్ 1890 అనే కళాకారుల బృందం ప్రదర్శనను నెహ్రూ ప్రారంభించగా, కేటలాగుకు ముందుమాట రాసింది అప్పటి మెక్సికో రాయబారి, కవి ఒక్తావియో పాజ్. షేక్, జ్యోతి భట్, కనేరియా, హిమ్మత్ షా, జెరామ్ పటేల్ అందులో ఉన్నారు. 1969 నుంచి 1973 దాకా షేక్, ఖాఖర్ కలిసి ‘వృశ్చిక్’ అనే చిన్న పత్రిక నడిపి లలిత కళా అకాడమీ తీరును దులిపేశారు. న్యూయార్కు నుంచి వచ్చిన జ్యోతి భట్ 1967 నుంచి కెమెరా పట్టుకుని గుజరాత్ పల్లెల్లో గోడల మీద ఆడవాళ్లు వేసే బొమ్మలను ఫొటోలు తీయడం మొదలుపెట్టాడు. గోడలకు సున్నం కొట్టడం పెరిగి మాసిపోతున్న కళ అది. ప్రాట్‌లో చదివినవాడు పేడ అలికిన గోడ ముందు ఏళ్ల తరబడి నిలబడటమే బరోడా చదువు ప్రత్యేకత అనుకోవచ్చు.

తెలుగు ప్రాంతపు విద్యార్థులకు బరోడాయే చాలాకాలం పైదేశం లాంటిది. హైదరాబాదులో 1940లో మొదలైన చిత్రకళా కళాశాల డిప్లొమా ఇచ్చేది, పై చదువుకు వేరేచోటికి వెళ్లాలి. మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టిన కె. లక్ష్మా గౌడ్ హైదరాబాదు చదువు ముగించి 1963లో బరోడా వెళ్లాడు. సుబ్రమణ్యన్ దగ్గర కుడ్యచిత్రం నేర్చుకున్నాడు, ఎచింగ్ చేతికి తెచ్చుకున్నాడు. తిరిగొచ్చి ఊరి మనుషులను, మేకలను, చెట్లను జింకు రేకుల మీద గీశాడు. అంత సన్నని గీతలో తెలంగాణ పల్లె అంతకుముందు కనిపించలేదు. తర్వాత హైదరాబాదు విశ్వవిద్యాలయంలోని సరోజినీ నాయుడు స్కూలులో పాఠాలు చెప్పి డీన్‌గా పనిచేశాడు. తోట వైకుంఠం 1970ల మొదట్లో ఆంధ్రప్రదేశ్ లలిత కళా అకాడమీ ఫెలోషిప్పుతో బరోడా వెళ్లి సుబ్రమణ్యన్ దగ్గరే చదివాడు. సొంత ఊరి ఆడవాళ్ల కుంకుమ, చీర రంగులే తన బొమ్మకు ముడిసరుకు అని ఆయన తేల్చుకోవడం ఆ తర్వాతి సంగతి.

సూర్యాపేటలో 1956లో పుట్టిన శిల్పి జి. రవీందర్ రెడ్డి రెండు మెట్లూ ఎక్కాడు. బరోడాలో ఎం.ఎ. ముగించి 1980ల మొదట్లో లండన్‌లోని గోల్డ్‌స్మిత్స్ కాలేజీలో, రాయల్ కాలేజీలో చదివాడు. 1990 నుంచి విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో శిల్పం నేర్పాడు. కొప్పులో పూలు, బంగారు పూత, తెరిచిన పెద్ద కళ్లతో ఆయన చేసిన స్త్రీల తలలు లండన్ చదివిన చేతి పనే అయినా, వాటి మూలాలు గ్రామదేవతల విగ్రహాల్లోనూ బజారులోనూ ఉన్నాయి.

బరోడాతో నిమిత్తం లేకుండా ఇంకా ముందే వెళ్లినవాడు చిత్తూరు జిల్లా నందనూరుకు చెందిన కృష్ణారెడ్డి. శాంతినికేతన్‌లో చదివి, మద్రాసు కళాక్షేత్రలో కొన్నాళ్లు పాఠం చెప్పి, లండన్ స్లేడ్ మీదుగా పారిస్ చేరాడు. అక్కడ ప్రింట్ మేకర్ హేటర్ నడిపే అటెలియే 17 అనే కార్యశాలలో, సిరాల చిక్కదనాన్ని నూనెతో మార్చి, మెత్తటి, గట్టి రోలర్లతో ఒకే రేకు నుంచి ఒకేసారి పలు రంగులు అచ్చువేసే పద్ధతికి రూపమిచ్చినవారిలో ఒకడయ్యాడు. ఆయన తిరిగివచ్చి ఇక్కడ స్థిరపడలేదు. న్యూయార్కులో పాఠాలు చెబుతూ 2018లో అక్కడే కన్నుమూశాడు. వెళ్లి వచ్చినవాళ్ల వల్ల ఒక ఊరికి ఒరిగిందేమిటో ఆయన కథ పక్కన పెట్టి చూస్తే ఇంకా స్పష్టమవుతుంది. ఆయన పద్ధతి ప్రపంచమంతా వెళ్లింది కానీ దాని చుట్టూ చిత్తూరులోనో మద్రాసులోనో ఒక బడి వెలవలేదు.

బరోడాలోనూ కాలం మారింది. 1980లో సుబ్రమణ్యన్ శాంతినికేతన్‌కు మారాడు. 1976లో ఇన్లాక్స్, 1981లో చార్లెస్ వాలెస్ ట్రస్టు స్కాలర్‌షిప్పులు వచ్చి పైదేశపు అవకాశాలు పెరిగాయి. ఫేర్ మాత్రం ఏటేటా జరగడం తగ్గి అప్పుడప్పుడూ జరిగే పండుగగా మిగిలింది. ఊరికి తలుపు తెరిచిన పరీక్ష ప్రదర్శనకూ 2007 మేలో పెద్ద దెబ్బ తగిలింది. తెలుగు ప్రాంతం నుంచి వెళ్లిన ఒక విద్యార్థి పరీక్ష కోసం పెట్టిన చిత్రాలు మత విశ్వాసాలను గాయపరిచాయంటూ బయటివాళ్లు ఆవరణలోకి వచ్చారు. పోలీసులు అతన్ని అరెస్టు చేశారు. అతని పక్షాన నిలిచిన ఇన్‌చార్జి డీన్‌ను విశ్వవిద్యాలయం సస్పెండ్ చేసింది. దేశంలోని పలు కళాశాలల్లో నిరసనలు జరిగాయి.

పైదేశపు చదువు తీరు కూడా ఈలోగా మారింది. 1997లో కళాకారుల సంస్థ ఖోజ్ పెట్టిన వర్క్‌షాపుతో మొదలై, రెండు మూడేళ్ల కాలేజీ చదువుకు బదులు కొన్ని వారాల రెసిడెన్సీలు వాడుకలోకి వచ్చాయి. వాటికి పోటీపడేది ఒక్కొక్క కళాకారుడే. తిరిగొచ్చి పాఠం చెప్పే ఉద్యోగం అందులో భాగం కాదు.