రంగం వెళ్ళిన చేతులు: మణికట్టు విరుపు చరిత్ర

శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతపు పల్లెలలో ఒకప్పుడు "రంగం పోయినాడు" అన్న మాటకు వేరే వివరణ అక్కరలేకుండెను. రంగమనగా బర్మా దేశపు రేవుపట్టణమగు రంగూన్. 19వ శతాబ్దపు చివరి దశాబ్దములనుండి 1941 వరకు, నాటి మద్రాసు రాజధానిలోని గంజాం, విశాఖపట్నం జిల్లాలనుండి వేలాది జనులు కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖపట్నం మొదలగు రేవులలో ఓడలెక్కి బంగాళాఖాతము దాటుచుండిరి. నేటి శ్రీకాకుళం జిల్లా 1950లోను, విజయనగరం జిల్లా 1979లోను ఏర్పడినవి. ఓడలకు సరకులెత్తుట, బియ్యపు మిల్లులలో బస్తాలు మోయుట, రిక్షాలు లాగుట ఈ వలసజనుల ముఖ్యవృత్తులు. 1931 జనాభా లెక్కలనాటికి బర్మాలోని భారతీయుల సంఖ్య 10 లక్షలు దాటెను. రంగూన్ రేవు కూలీలలో పెక్కుమంది తెలుగువారే. వారు వెంట తీసికొనిపోయిన మూలధనము రెండు చేతులు మాత్రమే.

అట్టి చేతిలో మణికట్టు విరిగినచో ఏమగును? వలస వెళ్ళినవారికి ఈ ప్రమాదమెక్కువా, ఊరిలో నున్నవారికి ఎక్కువా? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుటకు ముందు ఆ ఎముక సంగతి తెలిసికొనవలెను.

ముంజేతిలో రెండు ఎముకలు కలవు. బొటనవ్రేలి వైపున నున్నది రత్ని, చిటికెనవ్రేలి వైపున నున్నది అరత్ని. కాలు జారినప్పుడు మనిషి అప్రయత్నముగా చేయి ముందుకు చాచి, అరచేతిని నేలకు ఆనించును. శరీరపు బరువంతయు అరచేతిమీదుగా రత్ని యొక్క క్రింది కొనకు చేరును. ఆ కొనలో పైపొర పలుచన. లోపలి భాగము తేనెపట్టు వలె గుల్లగా నుండును. కావున ఎముక అచ్చటనే విరిగి, విరిగిన ముక్క చేతి వెనుకవైపునకు జరుగును.

పూర్వము వైద్యులు దీనిని విరుపుగా గుర్తింపక, కీలు తొలగినదని భావించి లాగి కట్టుచుండిరి. ఫ్రాన్సులో లియోన్ నగరపు శస్త్రవైద్యుడు క్లాడ్ పూతో దీనిని విరుపుగా గుర్తించెను. ఆయన మరణానంతరము 1783లో ప్రకటింపబడిన గ్రంథములో ఈ సంగతి కలదు. కాని అది అంతగా ప్రచారములోనికి రాలేదు. 1814లో డబ్లిన్ నగరపు శస్త్రవైద్యుడు ఏబ్రహాం కాలిస్, మణికట్టు కీలుకు సుమారు అంగుళమున్నర పైన ఎముక విరుగునని ఒక చిన్న వ్యాసములో వివరించెను. రంట్గెన్ ఎక్స్-కిరణములను కనుగొన్నది 1895లో. అంతకు 81 సంవత్సరములు ముందే కాలిస్ కేవలము చేతితో తడిమి ఈ నిర్ణయమునకు వచ్చెను. నేటికిని ఈ విరుపునకు ఆయన పేరే నిలిచియున్నది.

కాలిస్ రోగులకు ఒక ఊరట కూడ చెప్పెను. ఎముకను సరిగా కూర్చకున్నచో చేయి వంకర జీవితాంతము మిగులును గాని, ఎంతో కాలము గడచిన పిమ్మట నొప్పి పోయి కదలికలు తిరిగి వచ్చునని ఆయన భావము. కలముతో బ్రతుకువానికి ఈ మాట ఓదార్పు కావచ్చును. బస్తా మోసి ఏ రోజుకారోజు కూలి తీసికొనువానికి "ఎంతో కాలము" అనగా అప్పులు, ఆకలి. సక్రమముగా కట్టిన విరుపు అతుకుటకే సుమారు 6 వారములు పట్టును. పని ఆపిన చేతికి బదులు మరొక చేయి దొరకుట ఎంత సులభమో 1930 మే నెలలో రంగూన్ రేవు చూచెను. కూలి పెంచవలెనని తెలుగు కూలీలు సమ్మె చేయగా వారి స్థానములో బర్మీయులను పనిలో పెట్టిరి. సమ్మె ముగిసి పాతవారు తిరిగి రాగా, కొత్తవారికి పని పోయి, నగరములో దారుణమైన అల్లర్లు చెలరేగెను.

ఇక పోలిక సంగతి. 1962లో స్వీడన్ దేశస్థులైన ఆల్ఫ్రామ్, బాయర్ అను వైద్యులు మాల్మో నగరములోని ముంజేతి విరుపులను లెక్కించి ప్రకటించిరి. స్త్రీలలో సుమారు 45 ఏండ్లనుండి ఈ విరుపులు వేగముగా పెరుగునని, పురుషులలో అట్టి పెరుగుదల లేదని అందులో తేలెను. దీని కారణమును అమెరికా వైద్యుడు ఫుల్లర్ ఆల్‌బ్రైట్ 1941లోనే సూచించియుండెను. ముట్లుడిగిన తరువాత ఈస్ట్రోజన్ అను హార్మోను తగ్గి, ఎముకలు గుల్లబారును. మరీ వృద్ధాప్యములో చేయి చాచు చురుకుదనము తగ్గుటచే మనిషి ప్రక్కకు ఒరిగి పడును. అప్పుడు మణికట్టునకు బదులు తుంటి ఎముక విరుగును.

రంగం వెళ్ళినవారిలో అత్యధికులు పనిచేయు వయసులోని పురుషులు. ఇంటివద్ద మిగిలినవారిలో స్త్రీలు, వృద్ధులు ఎక్కువ. ఈ రెండు గుంపులను ఉన్నవి ఉన్నట్లుగా పోల్చిన ఎంత పొరపాటు జరుగునో ఒక ఊహాలెక్కలో చూడుడు. ఏటా వేయిమంది యువకులలో ఇద్దరికి, వేయిమంది వృద్ధులలో 10 మందికి మణికట్టు విరుగుననుకొనుడు. ఊరిలోనైనను, వలసలోనైనను ఈ రేటు ఒక్కటే. వలస వెళ్ళిన 10,000 మందిలో 9,000 మంది యువకులు, 1,000 మంది వృద్ధులు ఉన్నచో విరుపులు 18, 10 కలిసి 28. ఊరిలోని 10,000 మందిలో 6,000 మంది యువకులు, 4,000 మంది వృద్ధులు ఉన్నచో విరుపులు 12, 40 కలిసి 52. పైకి చూడగా వలస ఎముకకు మేలు చేసినట్లు తోచును! నిజమునకు తేడా వయసులోనిదే. అందుచే ఒకే వయసువారిని, ఒకే లింగమువారిని విడివిడిగా పోల్చవలెను.

అంతేకాక దూరదేశములకు బయలుదేరువారు సాధారణముగా బలముగలవారే. వలసజనుల ఆరోగ్యము మెరుగుగా కనబడుటకు ఇది మరియొక కారణము.

వయసును సరిచూచిన పిమ్మట ఎముక బలమును విచారింపవలెను. 1962లో గ్లాస్గో నగరములోని పాకిస్తానీ వలస కుటుంబములలో రికెట్స్, ఎముకలు మెత్తబడు వ్యాధి కలవని వైద్యులు ప్రకటించిరి. ఎండ తక్కువగు చలిదేశములో చర్మమున విటమిన్ డి చాలినంత తయారగుట లేదు. అయినను వలసజనులందరి ఎముకలు బలహీనములని దీనినిబట్టి తీర్పు చెప్పరాదు. 2004లో ప్రకటింపబడిన ఓస్లో నగర పరిశోధనలో, పాకిస్తాన్ మూలమువారికి విటమిన్ డి నార్వేవారికన్న చాల తక్కువగా నున్నను, ముంజేతి ఎముక సాంద్రతలో అంతటి తేడా కనబడలేదు. మరొక ప్రక్క, ఎండకు కొదువలేని మన రాష్ట్రములోనే, ఆరోగ్యవంతులుగా కనబడువారిలో సైతము విటమిన్ డి కొరత, ఆహారములో కాల్సియం కొరత విరివిగా కలవని తిరుపతి పరిశోధకులు 2007లో తెలిపిరి. కావున స్థానికుడు, వలసవాడు అను పేర్లు ఎముకకు తెలియవు. దానికి తెలిసినవి ఆహారము, ఎండ, వయసు, పడిన తీరు.

1941 డిసెంబరులో రంగూన్‌పై జపాను బాంబులు పడగా లక్షలాది భారతీయులు బర్మా విడిచిరి. పెక్కుమంది కొండదారుల వెంట కాలినడకన వచ్చిరి. 1964లో అచ్చటి సైనిక ప్రభుత్వము వర్తకమును జాతీయము చేయగా మరికొందరు తిరిగి వచ్చిరి. విశాఖపట్నములోని కంచరపాలెమున బర్మా క్యాంపు అను పేరు వారి జ్ఞాపకమే. యువకులుగా పోయినవారు నడివయసులో తిరిగి రాగా, వలసవారి లెక్కనుండి స్థానికుల లెక్కలోనికి చేరిరి. వారి ఎముకలు మాత్రము మోసిన బరువులను, తిన్న తిండిని తమలో దాచుకొనియేయుండెను.

నేడు ఈ జిల్లాలవారు హైదరాబాదు, చెన్నై కట్టడపు పనులకు, గుజరాత్ తీరమున చేపలవేటకు పోవుచున్నారు. పరంజిమీదనుండి పడినను, పొలము గట్టుపై జారినను మణికట్టునకు కావలసిన జాగ్రత్త ఒక్కటే. వాచిన చేతిని కదలకుండ నిలిపి, ఎక్స్-కిరణ పరీక్ష చేయించవలెను. వెదురుబద్దలతో బిగించి కట్టినచో రక్తప్రసారము ఆగి కండరములు చచ్చి, వ్రేళ్ళు వంగిపోవచ్చునని జర్మనీ వైద్యుడు ఫోల్క్‌మాన్ 1881లోనే హెచ్చరించెను. కట్టు కట్టిన పిమ్మట వ్రేళ్ళు నీలివర్ణమైనను, తిమ్మిరెక్కినను ఆ కట్టును వెంటనే వదులు చేయించవలెను. ఇక ఎముక బలమునకు ఈ ప్రాంతపు చోడి అంబలి ఎంతయు మేలు: 100 గ్రాముల చోళ్ళలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్సియం కలదు, అంతే తూకపు తెల్ల బియ్యములో సుమారు 10 మిల్లీగ్రాములు మాత్రమే.