మద్దిచెట్టు మీద మొదలయ్యే బట్ట

మహదేవపూర్ దసలి పట్టు కట్టుకున్నవాళ్లు నేసిన చేతిని మెచ్చుకుంటారు. అందులో తప్పేమీ లేదు. కాకపోతే దసలి పట్టు కథ మగ్గం దగ్గర మొదలుకాదు. గోదావరికి ఇవతలి ఒడ్డున చెన్నూరు, కోటపల్లి, వేమనపల్లి వైపు అడవుల్లో, మద్దికొమ్మల మీద మొదలవుతుంది. అక్కడ చెట్టు కింద వానలో తడుస్తూ కాపలా కాసే రైతును కళాకారుడని ఎవరూ అనరు. నా మటుకు నాకు సగం పనితనం అతనిదే అనిపిస్తుంది.

పట్టు అనగానే చైనా గుర్తుకు రావడం అలవాటు. మల్బరీ పట్టు వరకు అది సరే. దసలి మాత్రం ఇక్కడి అడవి పట్టు. హరప్పా, చన్హుదారోలలో దొరికిన నగల్లోనూ పూసల్లోనూ చిక్కుకుపోయిన దారపు పోగులను పురావస్తు శాస్త్రవేత్తలు ఐరీన్ గుడ్, కెనోయర్, మెడో కలిసి సూక్ష్మదర్శినితో పరీక్షించి 2009లో ఒక వ్యాసం ప్రచురించారు. ఆ పోగులు సుమారు నాలుగువేల ఏళ్ల కిందటివి. వాటిలో కొన్ని మన అడవుల్లోని దసలి జాతి పురుగువేనని వాళ్లు తేల్చారు. అంటే సింధు నాగరికత నాటికే ఈ పురుగు గూటి నుంచి దారం తీయడం మనవాళ్లకు తెలుసు. మనకు పట్టు విద్య చైనా పెట్టిన భిక్ష అనేవాళ్లకు ఆ పూసలు చూపించవచ్చు.

ఈ పురుగుకు శాస్త్రీయ నామం ఆంథెరియా మైలిట్టా. 1773లో దాన్ని లోకానికి వర్ణించి చెప్పిన డ్రూ డ్రూరీ లండన్‌లో వెండిపని చేసుకునే వ్యాపారి, తీరిక వేళల్లో పురుగులు సేకరించేవాడు. మల్బరీ పురుగు వేల ఏళ్లుగా మనిషి పెంపకంలో ఉండి ఎగరడం మరిచిపోయింది. దసలి సీతాకోకచిలుక అలా కాదు, రాత్రిపూట రెక్కలు చాచి ఎగిరిపోతుంది. పురుగును తట్టలో పెట్టి ఆకు కోసి వేస్తానంటే మామూలుగా కుదరదు. ఇంటి లోపల పెంచే పద్ధతి కోసం వరంగల్ కాకతీయ విశ్వవిద్యాలయంలో పరిశోధనలు జరిగాయి కానీ, రైతు మాత్రం ఇంకా చెట్టునే నమ్ముకున్నాడు.

దీనికి ఇష్టమైన మేత నల్లమద్ది, ఏరుమద్ది. తొలకరి పడి చెట్లు కొత్త ఆకు వేశాక పని మొదలవుతుంది. విత్తనపు కాయలను దండలుగా గుచ్చి వేలాడదీస్తారు. సీతాకోకచిలుకలు బయటికి వచ్చి జతకట్టాక, ఆడది నూటయాభై, రెండు వందల గుడ్ల దాకా పెడుతుంది. ఎనిమిది, పది రోజుల్లో గుడ్లు పగులుతాయి. పిల్ల పురుగులను చెట్టెక్కించిన దగ్గర్నుంచి రైతుకు నిద్ర ఉండదు. చీమలు, కందిరీగలు, నల్లులు, గొల్లభామలు, బల్లులు, అన్నిటికీ మించి పక్షులు. అందుకే ఒక చేత వడిసెల, నోట కేక. పురుగు నాలుగుసార్లు కుబుసం విడిచి బోలెడు ఆకు తినేసరికి ఒక చెట్టు బోడి అవుతుంది. అప్పుడు పురుగులున్న కొమ్మలను నరికి మరో చెట్టు మీద పెట్టాలి. ఎప్పుడు మార్చాలి, ఏ చెట్టు ఆకు ముదిరింది, ఏది లేతగా ఉంది అన్నది పుస్తకంలో ఉండదు. వానాకాలం పంట నెల, నెలన్నరలో చేతికొస్తుంది. చలి మొదలయ్యాక అదే పురుగు ఇంకా ఎక్కువ రోజులు తీసుకుంటుంది.

గూడు కట్టే తీరు చూసి తీరాలి. ముందు కొమ్మ చుట్టూ ఒక ఉంగరం అల్లుతుంది. దానికి గట్టి కాడ వేసి, కాడ చివర గుడ్డు ఆకారంలో గూడు కడుతుంది. చెట్టుకు కాసిన కాయలాగే ఉంటుంది, అందుకే జనం నోట పట్టుకాయ అయింది. గాలివానకు ఆకు రాలినా కాయ రాలదు.

చెన్నూరు పేరు పట్టు శాస్త్రజ్ఞులకు తెలిసింది విత్తనం వల్ల. కేంద్ర పట్టు మండలి ఇక్కడ దసలి విత్తన కేంద్రం నడుపుతోంది. విత్తనం అంటే రోగం లేని గుడ్లు. పెబ్రిన్ అనే జబ్బు తల్లి నుంచి గుడ్డులోకి దిగుతుంది. గుడ్లు పెట్టిన తల్లిని నూరి సూక్ష్మదర్శిని కింద చూడడమే దాన్ని పట్టుకునే ప్రధాన మార్గం. 1860లలో ఫ్రాన్సులో పట్టు పరిశ్రమ కుప్పకూలుతుంటే లూయీ పాశ్చర్ కనిపెట్టిన పద్ధతి ఇది. ఇప్పటికీ అదే. ఇక ఈ అడవుల సొంత జాతిని శాస్త్రవేత్తలు ‘ఆంధ్రా లోకల్’ అంటారు. రాష్ట్రం 2014లో వేరుపడింది గానీ పురుగు పేరు మార్చడం ఎవరికీ తట్టినట్టు లేదు. కాయ గట్టిది, దారం బాగా వస్తుంది. అయితే సీతాకోకచిలుకలన్నీ ఒకేసారి బయటికి రావు, గుడ్లూ తక్కువే. అందుకే బయటి నుంచి తెచ్చిన ‘డాబా’ జాతి దాని చోటు ఆక్రమిస్తూ వచ్చింది.

పంతొమ్మిదో శతాబ్దంలో దసలికి ఒక విదేశీ ప్రేమికుడు దొరికాడు. ఇంగ్లండులోని లీక్ పట్టణపు అద్దకందారు థామస్ వార్డిల్. దసలి దారం తేనెరంగులో ఉంటుంది, రంగు ఒక పట్టాన పట్టదు. వార్డిల్ ఏళ్ల తరబడి తంటాలు పడి దానికి రంగులు అద్దే ఉపాయం సాధించాడు. 1878 పారిస్ ప్రదర్శనలో భారత అడవి పట్టు రకాలను జనానికి చూపించాడు. ప్రసిద్ధ ఆంగ్ల డిజైనర్ విలియం మోరిస్ అద్దకం నేర్చుకున్నది ఆయన దగ్గరే. ఆ తర్వాత యూరప్‌లో దసలికి గిరాకీ పెరిగింది. మన దగ్గర మాత్రం రంగు పట్టకపోవడం ఎవరికీ లోపంగా కనిపించలేదు. ఆ తేనెరంగు బట్టనే పూజకు మడిగా కట్టుకున్నారు.

దారం దగ్గరికి వద్దాం. కాయలను సోడా నీళ్లలో ఉడకబెట్టి మెత్తబరిచాక నాలుగైదు కాయల పోగులు కలిపి లాగుతారు. ఆడవాళ్లు తొడ మీద అరచేత్తో పురిపెడుతూ రెండో చేత్తో చుట్టుకునేవారు. ఎక్కడ పోగు తెగింది, ఎక్కడ ఇంకో కాయ కలపాలి అన్నది చూపుడువేలికి తెలియాలి. ఈ పద్ధతిని పొగుడుతూ రాసేవాళ్లు రాసుకుపోయిన తొడ చర్మం గురించి రాయరు. కేంద్ర జౌళి శాఖ దీన్ని మాన్పించడానికి 2020 మార్చిని గడువుగా పెట్టుకుని, బునియాద్ అనే చిన్న యంత్రాలు పంచింది. దారం కాస్త సమంగా వచ్చి చేతి జాడ తగ్గితే తగ్గనీ. నేను యంత్రం పక్షమే.

సీతాకోకచిలుక చీల్చుకుని వెళ్లిన కాయలు కూడా వృథా పోవు. వాటి నుంచి పొడుగు దారం రాదు, వడికితే ముద్దగా, ఎగుడుదిగుడుగా నూలు వస్తుంది. పురుగును చంపకుండా పట్టు కావాలన్న అప్పటి రాష్ట్రపతి ఆర్. వెంకట్రామన్ భార్య జానకి మాట పట్టుకుని చేనేత సహకార సంస్థ ఆప్కో అధికారి కుసుమ రాజయ్య ‘అహింసా పట్టు’ తెచ్చిన సంగతి చాలామందికి తెలుసు. విత్తన కేంద్రంలో చిల్లుపడిన దసలి కాయలది మాత్రం ఎవరూ పేరు పెట్టని అహింస.

మహదేవపూర్ నేతగాడి తెలివి ఇక్కడే కనిపిస్తుంది. సమంగా పురితిరిగిన దారం పడుగుకు పెడతాడు, లేకపోతే మగ్గం మీద నిమిషానికోసారి తెగుతుంది. ఎగుడుదిగుడు దారం పేకకు వాడతాడు. బట్ట మీద అక్కడక్కడా కనిపించే ముడులూ గరుకూ అలా ఎంచుకుని వేసినవే, దోషాలు కావు.

అయితే చెన్నూరులో కాయల అమ్మకాలకు వచ్చే కొనుగోలుదారుల్లో ఛత్తీస్‌గఢ్, బీహార్ వ్యాపారులు ముందుంటారు. కాయ ఇక్కడిది, దారం తీత చాలావరకు అక్కడ. నది అవతలి మహదేవపూర్ నేతగాడికి దారం దూరం నుంచి, ఎక్కువ ధరకు తిరిగి వస్తుంది. చెన్నూరులోనే దారం తీస్తే కాయ రైతుకూ, దారం తీసే ఆడవాళ్లకూ, మహదేవపూర్ మగ్గానికీ మధ్య కొన్ని చేతులు తగ్గుతాయి. దానికి కావలసింది ఉడకబెట్టే గుండిగలు, కొన్ని యంత్రాలు, ఏడాది పొడవునా కాయలు కొని నిల్వ పెట్టే పెట్టుబడి. మొదటి రెండూ తేలికే, మూడోదే ఎవరూ పెట్టడం లేదు.