పాట ఎవరిది? వరుస ఎవరిది? – చర్చి బ్యాండు గీతాల చరిత్ర

క్రైస్తవారాధనలో పాట పాడవలసినది గాయకులా, సంఘమా? ఐదు వందల ఏండ్లుగా ఆ మతపు సంగీతచరిత్ర ఈ ప్రశ్న చుట్టూ తిరుగుతూనే ఉన్నది. మధ్యయుగంలో గాయకబృందం లాటిన్‌లో పాడుతూంటే జనం చాలావరకు వినేవారు. జర్మనీలో మార్టిన్ లూథర్ పాటను జనభాషలోకి తెచ్చి సంఘంచేతనే పాడించాడు. 1524లో వెలువడిన తొలి లూథరన్ పాటల పుస్తకంలో ఉన్నవి ఎనిమిదే పాటలు. ఇంగ్లండులో ఐజక్ వాట్స్ 1707లో తన గీతసంపుటిని ప్రకటించాడు.

ఛందస్సు ఎరిగినవారు ఇక్కడ ఒక విశేషం గమనించాలి. ఆ ఆంగ్లగీతాలలో చాలా భాగం కొద్దిపాటి కొలతలలోనే ఒదుగుతాయి. ‘కామన్ మీటర్’లో బేసి పాదాలకు ఎనిమిదేసి, సరి పాదాలకు ఆరేసి అక్షరాలు. ఒక ఆటవెలదిని చదివే వరుసలో మరో ఆటవెలదిని చదువుకోగలిగినట్లే, ఒక కొలతలోని గీతాన్ని అదే కొలతకు చెందిన ఏ వరుసలోనైనా పాడుకోవచ్చు. జాన్ న్యూటన్ రచించిన ‘అమేజింగ్ గ్రేస్’ 1779లో అచ్చయినది. నేడు లోకమంతా ఎరిగిన వరుస దానికి 1835లో గానీ జతపడలేదు. అంటే పాట వేరు, వరుస వేరు. ఆ రెంటినీ కలిపే స్వేచ్ఛ సంఘానిది.

ఈ ఏర్పాటు మారడానికి నాంది 1970 ప్రాంతంలో అమెరికాలో పడినది. కాలిఫోర్నియాలోని కోస్టా మెసాలో చక్ స్మిత్ అనే బోధకుని కాల్వరీ చాపెల్‌కు హిప్పీ యువకులు రాసాగారు. వారితో గిటార్లు వచ్చాయి. ‘లవ్ సాంగ్’ వంటి బృందాలు అక్కడ పుట్టాయి. వారి పాటలను రికార్డులుగా వెలువరించడానికి 1971లో ‘మారనాథా మ్యూజిక్’ ఏర్పడినది. కొత్త పాట ఇక పుస్తకంలోనుంచి కాక, రికార్డునుంచి సంఘానికి చేరసాగినది.

ఆ పద్ధతిని పరాకాష్ఠకు తెచ్చినది ఆస్ట్రేలియా. సిడ్నీ శివారు బాల్కమ్ హిల్స్‌లో 1983లో బ్రయన్, బాబీ హ్యూస్టన్ దంపతులు ప్రారంభించిన చర్చి కాలక్రమాన ‘హిల్‌సాంగ్’ అయినది. పాట రాసేవారు, పాడేవారు, వాయించేవారు ఆ సంఘంలోని వారే. ఆరాధన జరుగుతూండగానే ధ్వనిముద్రణ చేసి ఆల్బములుగా విడుదల చేసేవారు. డార్లీన్ జెక్ 1993లో కట్టిన ‘షౌట్ టు ద లార్డ్’ దేశదేశాల చర్చిలలో మారుమ్రోగినది. యువజన విభాగంనుంచి 1998లో ‘హిల్‌సాంగ్ యునైటెడ్’ బ్యాండు వెలసినది. 2013నాటి వారి ‘ఓషన్స్’ బిల్‌బోర్డ్ క్రైస్తవ గీతాల పట్టికలో 61 వారాలు అగ్రస్థానంలో నిలిచినది. 2018లో ‘వాట్ ఎ బ్యూటిఫుల్ నేమ్’కు గ్రామీ పురస్కారం లభించినది. 2022లో వివాదాల నడుమ బ్రయన్ హ్యూస్టన్ తన పదవికి రాజీనామా చేశారు. అయినా ఆ పాటలు ఇతర సంఘాలలో వినబడుతూనే ఉన్నాయి.

ఇంతకూ మారినదేమిటి? గిటార్ కాదు, డ్రమ్ములు కాదు. పాటా వరుసా విడదీయరానివైపోయాయి. ‘ఓషన్స్’ ఆల్బమ్‌లో సుమారు తొమ్మిది నిమిషాలు సాగుతుంది. మెల్లగా మొదలై క్రమంగా ఉద్ధృతమవుతుంది. దానిని ఏ వరుసలో పాడుకోవాలో నిర్ణయించేది సంఘం కాదు, రికార్డు.

దీని ప్రభావం మన భాషపై ఎలా పడుతుందో చెప్పాలి. తెలుగు క్రైస్తవులకు పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటి వాగ్గేయకారులున్నారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం రాగతాళాలను పేర్కొంటుంది. కీర్తనలో పల్లవి అందరి నోటా తిరిగి తిరిగి పలుకుతుంది. కీర్తనలో హ్రస్వాన్ని సాగదీయడం లేకపోలేదు. కానీ మాట కట్టినవాడే వరుసనూ ఊహించుకొని, ఏ మాట సాగితే చెడదో చూసుకొని కడతాడు. ఆంగ్లగీతాన్ని అదే వరుసలో తెలుగు చేసేటప్పుడు ఆ వెసులుబాటు ఉండదు. ఆంగ్లానికి ఊనిక ప్రాణం, తెలుగుకు మాత్ర ప్రాణం. స్వరం సాగినచోట లఘువు పడితే ‘పడు’ కాస్తా ‘పాడు’ అవుతుంది, ‘నడి’ కాస్తా ‘నాడి’ అవుతుంది. చిన్నపిల్లలు ఆదివారం పాడే పాటద్వారా కూడా భాష నేర్చుకుంటారు. వారి చెవిలో గురులఘువుల తేడా చెరిగిపోతే ఆ నష్టం చర్చి గోడల లోపలే ఆగదు.

కొత్తవాటిని కాదనడం నా ఉద్దేశం కాదు. భజన కీర్తన ఫణితిని క్రీస్తుపరం చేయడం కూడా ఒకప్పుడు కొత్తే. అనువదించేవారు వరుసను కొంచెం సడలించి, మన నడకకు మలచుకుంటే మేలు. అంతకంటె మేలు, మన యువకులే తెలుగులో ఆలోచించి కట్టడం. అలా కట్టిన పాటకు నేను పెట్టే పరీక్ష ఒక్కటే: కరెంటు పోయి మైకు మూగబోయినప్పుడు కూడా సంఘం ఆ పాటను ఆపకుండా పాడగలగాలి. అప్పుడే అది సంఘం పాట.