ఎన్విరాన్‌మెంటల్ ఇంజినీరింగ్‌లో పీజీ.. ఇక్కడా, అమెరికానా, జర్మనీనా? తేడాలివే!

బీటెక్ సివిల్ అయిపోయింది.. నెక్స్ట్ ఏంటి? జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ఇళ్లలో ఇదే చర్చ. నాచుపల్లిలో 2007 నుంచి, సిరిసిల్లలో 2021 నుంచి జేఎన్‌టీయూహెచ్ ఇంజినీరింగ్ కాలేజీలు నడుస్తున్నాయి. తాగునీరు, మురుగునీరు, చెత్త, గాలి కాలుష్యంపై పనిచేయాలనుకునేవాళ్లకు పీజీ చదువు దేశానికో తీరుగా ఉంది.

ఇండియాలో..
* ఎంటెక్ రెండేళ్లు. మొదటి ఏడాది క్లాసులు, ల్యాబ్‌లు. రెండో ఏడాది ఎక్కువగా ప్రాజెక్టే.
* గేట్‌లో 2021 నుంచి ఈ సబ్జెక్టుకు విడిగా ‘ఈఎస్’ పేపర్ ఉంది. గేట్ స్కోరుతో చేరి, అర్హత ఉంటే నెలకు రూ.12,400 స్టైపెండ్ వస్తుంది. గేట్ లేకుంటే పీజీఈసెట్ రాయొచ్చు.
* సీపీసీబీ పరిమితులు, సీపీహెచ్‌ఈఈఓ మాన్యువల్స్ ప్రకారం డిజైన్ చేయడం అలవాటవుతుంది. మున్సిపాలిటీ మురుగునీటి ప్లాంట్ అయినా, బట్టల రంగుల నీళ్ల శుద్ధి అయినా ఇక్కడ పనికొచ్చేది ఇదే.

అమెరికాలో..
* ఎంఎస్ సాధారణంగా 30 క్రెడిట్లు, ఏడాదిన్నర నుంచి రెండేళ్లు. థీసిస్ రాయొచ్చు, లేదంటే కోర్సులతోనే పూర్తి చేయొచ్చు. ప్రొఫెసర్ దగ్గర రీసెర్చ్ అసిస్టెంట్‌గా అవకాశం రావాలంటే థీసిస్ దారే మేలు.
* ఓపీటీ 12 నెలలు, స్టెమ్ కోర్సు కాబట్టి మరో 24 నెలలు.
* ప్లాన్‌లపై ఇంజినీర్‌గా సంతకం పెట్టాలంటే డిగ్రీ ఒక్కటే సరిపోదు. ఎఫ్‌ఈ పరీక్ష, అనుభవం, ఆపై పీఈ లైసెన్స్ ఉండాలి.

జర్మనీలో..
* నాలుగు సెమిస్టర్లు, 120 క్రెడిట్లు. చివరి సెమిస్టర్ థీసిస్‌కే.
* స్టుట్‌గార్ట్ యూనివర్సిటీలో గాలి, చెత్త, మురుగునీటిపై ‘వేస్ట్’ పేరుతో ఇంగ్లిష్ కోర్సు ఉంది.
* చాలా ప్రభుత్వ వర్సిటీల్లో ట్యూషన్ ఫీజు లేదు. కానీ స్టుట్‌గార్ట్ ఉన్న రాష్ట్రంలో మనవాళ్లకు సెమిస్టర్‌కు 1,500 యూరోలు.
* 2024 సెప్టెంబర్ నుంచి వీసా కోసం బ్లాక్డ్ అకౌంట్‌లో ఏడాదికి 11,904 యూరోలు చూపించాలి. ఏపీఎస్ సర్టిఫికెట్ కూడా కావాలి.
* చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలల టైమ్. క్లాసులు ఇంగ్లిష్‌లోనే అయినా జాబ్‌కు జర్మన్ భాష రావాల్సిందే అనుకోండి.

బ్రిటన్‌లో ఏడాదిలోనే అయిపోతుంది. కానీ ప్రాజెక్టుకు దొరికే టైమ్ తక్కువ.

ఏది ఎంచుకోవాలి?
ముందు తేల్చుకోవాల్సింది దేశం కాదు, పని ఎక్కడ చేస్తారన్నది. నీళ్ల కెమిస్ట్రీ ఎక్కడైనా ఒకటే. రూల్స్, లైసెన్స్ మాత్రం వేరు. ఇక్కడే పని చేయాలనుకుంటే భూమి కాగితాలు బ్యాంకులో పెట్టి లోన్ తీసుకునే ముందు ఒకసారి గేట్ రాసి చూడటం మంచిది. విదేశానికే వెళ్లాలనుకుంటే ఫీజుతో పాటు అక్కడ బతకడానికయ్యే ఖర్చూ లెక్కేయండి. వీసా రూల్స్ మారుతుంటాయి.. అప్లై చేసే రోజు అధికారిక వెబ్‌సైట్ చూడటం మర్చిపోవద్దు.