ఎండల డల్లాస్‌లో మంచు హాకీ

జులైలో మా ఇర్వింగ్‌లో కారు స్టీరింగ్ ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటుంది. ఆ నెలలోనే మా వాడి హాకీ ప్రాక్టీసుకి నేను స్వెట్టరు వేసుకుని బయల్దేరతాను. నరసరావుపేట నుంచి వచ్చిన మా అత్తగారు చూసి, "ఇదేం విడ్డూరమమ్మా!" అన్నారు. ఆవిడ అన్నదాంట్లో న్యాయముంది. ఇంత ఎండల చోటికి ఈ ఆట ఎందుకొచ్చినట్టు?

1993లో వచ్చిందని అందరూ చెప్తారు. ఆ ఏడాది మిన్నెసోటా నార్త్ స్టార్స్ జట్టు చేత దాని యజమాని నార్మ్ గ్రీన్ మూటాముల్లె సర్దించి డల్లాస్‌కి తెచ్చేశాడు. పేరులో 'నార్త్' ఎగిరిపోయింది. మిన్నెసోటా జనం ఆయన్ని తిట్టని తిట్టు లేదు.

నిజానికి టెక్సాస్‌కి హాకీ అంతకుముందే తెలుసు. డల్లాస్ ఫెయిర్ పార్కులో 1967 నుంచి 1982 దాకా బ్లాక్ హాక్స్ అనే చిన్న లీగు జట్టు ఆడింది. హ్యూస్టన్‌కైతే 1973లో హాకీ దిగ్గజం గోర్డీ హౌ అంతటివాడే వచ్చాడు. అప్పటికి ఆయనకు 45 ఏళ్లు, రిటైరై రెండేళ్లయింది. కొడుకులు మార్క్, మార్టీలతో కలిసి హ్యూస్టన్ ఏరోస్‌కి ఆడి, 1974లోనూ 1975లోనూ ఏరోస్ ఆడే లీగు కప్పు గెలిపించాడు. అయినా 1978లో ఏరోస్ మూతపడింది. పెద్ద ఆటగాడొస్తే జనం టిక్కెట్టు కొని చూస్తారు, సరే. వాళ్ల పిల్లలు స్కేట్లు కట్టుకోవడానికి ఊళ్లో చోటేది?

ఆ చోటు తయారుచేయడం మామూలు ఖర్చు కాదు. కాంక్రీటు నేల లోపల గొట్టాల్లో సున్నా కన్నా బాగా కిందికి చల్లబరిచిన ఉప్పునీళ్లో గ్లైకాలో తిరుగుతూ ఉండాలి. పైన నీళ్లు పల్చగా చల్లి, అది గడ్డకట్టాక ఇంకో పొర. మధ్యలో తెల్లరంగు వేసి గీతలు గీస్తారు, లేకపోతే అడుగున కాంక్రీటు కనబడుతుంది. ఇంతా చేస్తే మంచు మందం అంగుళం పైచిలుకు. మా దగ్గర వేడి కన్నా గాలిలో తేమతో పేచీ ఎక్కువ. తేమ లాగే యంత్రాలు ఆగితే మంచు మీద పొగమంచు లేస్తుంది.

స్టార్స్ జట్టు మొదట్లో ప్రాక్టీసు చేసింది మన తెలుగువాళ్లు చాలామంది ఉండే వ్యాలీ రాంచ్‌లోనే. వైటూకే పనులకు మనవాళ్లు విమానాలు దిగుతున్న 1999లో స్టార్స్ హాకీలో అతిపెద్ద బహుమతి స్టాన్లీ కప్పు గెలిచింది. మూడో ఓవర్‌టైంలో బ్రెట్ హల్ గోల్ కొట్టినప్పుడు అతని పాదం ఎక్కడుందన్న గొడవ ఫైనల్లో ఓడిన బఫెలో అభిమానులకు ఇప్పటికీ తీరలేదు. నన్నడిగితే ఆ కప్పు కన్నా, స్టార్‌సెంటర్ల పేరుతో చుట్టుపక్కల ఊళ్లలో వెలిసిన రింకులే పెద్ద గెలుపు. ఫ్రిస్కోలో 2003లో తెరిచిన భవనం నగరపాలక సంస్థదే. పక్కనున్న ప్లేనోలో పెరిగిన బ్లేక్ కోల్‌మన్, స్టార్స్ వచ్చేనాటికి రెండేళ్లు నిండని పిల్లవాడు. ఒహాయోలోని మయామి యూనివర్సిటీకి ఆడి, 2020లో టాంపా బే తరఫున స్టాన్లీ కప్పు గెలిచాడు. ఫైనల్లో ఓడింది ఎవరనుకున్నారు? డల్లాస్ స్టార్సే!

ఎండ వల్ల దక్షిణాదిలో హాకీ బతకదనేవాళ్లు అరిజోనాను చూపిస్తారు. 1996లో విన్నిపెగ్ నుంచి ఫీనిక్స్‌కి వచ్చిన జట్టు 2024లో సాల్ట్ లేక్ సిటీకి పోయింది మరి. ఆ జట్టును తరిమింది ఎండ కాదు, నిలవ నీడ లేకపోవడం. అభిమానులు తూర్పున ఉంటే స్టేడియం పడమటి అంచున గ్లెండేల్‌లో కట్టారు. 2022లో అక్కడ లీజు ముగిసింది. 2023లో కొత్తదానికి టెంపీ ఓటర్లు వద్దన్నారు. ఆ చివరి రెండేళ్లూ ఐదువేల మంది పట్టే కాలేజీ అరీనాలో తలదాచుకున్నారు. ఈలోగా స్కాట్స్‌డేల్‌లో పెరిగిన ఆస్టన్ మాథ్యూస్‌ని 2016 డ్రాఫ్టులో మొట్టమొదట ఎంచుకున్నారు. 2015 దాకా క్లబ్బు స్థాయిలో ఉన్న అరిజోనా స్టేట్ యూనివర్సిటీ జట్టు 2019కల్లా జాతీయ కాలేజీ టోర్నీకి చేరింది. అద్దెకున్న పెద్ద జట్టు వెళ్లిపోయినా, ఆ కుర్రాళ్లు టెంపీలో తమ ములెట్ అరీనాలోనే ఆడుతున్నారు.