మరణం వైపు నెట్టే మాట, బతుకు వైపు పిలిచే మాట

రాయపూర్ నుండి తూర్పుగా దాదాపు ఎనభై కిలోమీటర్లు ప్రయాణిస్తే మహానది ఒడ్డున సిర్పూర్ కనిపిస్తుంది. పూర్వం దీని పేరు శ్రీపురం. 1950వ దశకంలో ఎం.జి. దీక్షిత్ జరిపిన తవ్వకాలలో ఇక్కడ ఆనందప్రభకుటీ విహారం బయటపడింది. అప్పటి పాలకుడైన మహాశివగుప్త బాలార్జునుడు శివభక్తుడు. అయినా ఆయన ఏలుబడిలో బౌద్ధ విహారాలు వర్ధిల్లాయి. ఏడవ శతాబ్దంలో కోసల దేశానికి వచ్చిన హ్యూయన్‌త్సాంగ్ ఇక్కడ నూరు సంఘారామాలు, పదివేలకు కొంచెం తక్కువగా భిక్షువులు ఉన్నారని వ్రాశాడు. తెలుగువారికి శ్రీపర్వతంతో ముడిపడి తెలిసిన ఆచార్య నాగార్జునుని కథను కూడా ఆయన ఈ కోసలతోనే ముడిపెట్టాడు.

ఇంతటి వారసత్వం గల నేలమీద నేడు ధమ్మాన్ని పునరుద్ధరించాలనుకునే మనం ఒక ప్రశ్నను తప్పించుకోలేము. తోటి బాలుని మీద బాలునికి, తోటి బాలిక మీద బాలికకు కలిగే ప్రేమను మతాలు ఎలా చూశాయి? ఆ చూపు బరువుకు క్రుంగి, బతుకే వద్దనుకునే పసివారికి ధమ్మం ఏమి చెబుతుంది?

జవాబు కోసం ముందుగా వైశాలికి వెళ్ళాలి. వినయ పిటకంలో మూడవ పారాజికకు మూలమైన కథ అక్కడ జరిగింది. భగవానుడు భిక్షువులకు దేహపు అశుభాన్ని ధ్యానించే పద్ధతి బోధించి, పక్షం రోజులు ఏకాంతవాసానికి వెళ్ళాడు. ఆ ధ్యానం వికటించింది. పలువురు భిక్షువులు తమ దేహాన్ని తామే అసహ్యించుకొని ప్రాణాలు విడిచారు. తిరిగివచ్చిన బుద్ధుడు సంఘం పలుచబడి ఉండటం చూసి కారణమేమని ఆనందుణ్ణి అడిగాడు. ఆనందుడు జరిగింది చెప్పి, మరొక ధ్యాన మార్గం ఉపదేశించమని వేడుకొన్నాడు. బుద్ధుడు ఆ చర్యను మందలించాడు, కాని మందలింపుతో ఆగలేదు. మిగిలినవారిని సమావేశపరచి ఆనాపానసతిని, అంటే శ్వాసమీద నిలిపే స్మృతిని బోధించాడు. అనంతరం మనిషి ప్రాణం తీయడమే కాక, ఒకరి ఎదుట మరణాన్ని పొగడటం, మరణానికి పురికొల్పడం కూడా పారాజికమేనని నియమం విస్తరించింది. అట్టి భిక్షువుకు సంఘంలో చోటు లేదు.

ఈ కథలో రెండు పాఠాలున్నాయి. తనను తాను అసహ్యించుకోమని నేర్పే బోధ, ఎంత పవిత్రమైన నోట వచ్చినా, ప్రాణాంతకం కాగలదు. అలా జరిగినప్పుడు గురువు చేయవలసింది బోధనా పద్ధతిని మార్చడం.

అయితే మన గ్రంథాలలో అన్నీ మనకు నచ్చే మాటలే ఉన్నాయని చెప్పడం సత్యదూరం. మహావగ్గం పండకులకు ఉపసంపదను నిషేధించింది. మిలిందపఞ్హం వారిని ధమ్మసాక్షాత్కారానికి అర్హులు కాని వారి జాబితాలో చేర్చింది. కాలాంతరంలో కొందరు ఆచార్యులు కామ మిథ్యాచారపు నిర్వచనాన్ని విస్తృతం చేశారు. మరొక వైపు, పాళీ సుత్తాలలో గృహస్థుల మూడవ శీలాన్ని వివరించే చోట పరుల రక్షణలో ఉన్న స్త్రీల ప్రస్తావనే ఉంది. స్వలింగ ప్రేమ మాటే అక్కడ లేదు. వినయంలోనే, లింగం మారిన భిక్షువును సంఘం నుండి వెళ్ళగొట్టక, భిక్షుణీ సంఘంలో ఉండనిమ్మని బుద్ధుడు అనుమతించిన సందర్భమూ ఉంది.

ధమ్మపద అట్ఠకథలోని సోరేయ్యుని వృత్తాంతం ఈ సందర్భంలో స్మరణీయం. సోరేయ్య నగరపు శ్రేష్ఠి కుమారుడు మహాకచ్చాన థేరుని అందం చూసి, ఈయన నా భార్య అయితే బాగుండునని తలచాడు. తక్షణమే స్త్రీగా మారిపోయాడు. సిగ్గుతో ఇల్లు విడిచి తక్షశిల చేరాడు. కన్నవారు కొడుకు చనిపోయాడనుకొని విలపించారు. ఏళ్ళు గడిచాక పాత మిత్రుడొకడు ఆ ఊరికి వచ్చాడు. అతనికి ఆమె తన కథంతా చెప్పుకొన్నది. మిత్రుడు ఈసడించుకోలేదు, థేరుని వద్దకు వెళ్ళి మన్నింపు కోరమన్నాడు. థేరుడు క్షమించాడు. సోరేయ్యుడు తిరిగి పురుషుడై, ప్రవ్రజ్య స్వీకరించి అర్హతుడయ్యాడు. అట్ఠకథ ఆ తలపును దోషంగానే చూసింది, నిజమే. కాని సిగ్గుతో పారిపోయిన మనిషిని నిలబెట్టినవి ఓపికగా విన్న మిత్రుని చెవి, కోపం లేని గురువు మనసు అన్న సంగతినీ అదే చెప్పింది. కల్యాణమిత్రత అంటే ఇదే.

ఇతర మతాల శాసనాలలోనూ ఖండన ఉంది. మనుస్మృతి దీనిని జాతిభ్రంశకర కర్మలలో చేర్చి, మరొక చోట వస్త్రాలతో స్నానం చేయడమే ప్రాయశ్చిత్తమన్నది. జైలు శిక్ష మాత్రం వలసపాలనతో వచ్చింది. ఇంగ్లండులో 1533లో ఎనిమిదవ హెన్రీ కాలాన క్రైస్తవ పాపభావన రాజశాసనమైంది. ఆ భావనే 1860 నాటి భారత శిక్షాస్మృతిలో 377వ సెక్షనుగా మన దేశంలో అడుగుపెట్టింది. హైదరాబాదు సంస్థానం కూడా 1329 ఫసలీలో, అంటే 1919లో, హిజ్రాలను రిజిస్టరులో నమోదు చేసి నిఘా ఉంచే చట్టం తెచ్చింది. దానిని తెలంగాణ హైకోర్టు 2023లో కొట్టివేసింది.

ఈ చరిత్రలో బాబాసాహెబ్ అంబేడ్కర్ పాత్రను మనలో చాలామంది ఎరుగరు. రఘునాథ్ ధోండో కర్వే 'సమాజ్ స్వాస్థ్య' అనే మరాఠీ పత్రికలో పాఠకుల లైంగిక సందేహాలకు సమాధానాలిచ్చేవాడు. వాటిలో స్వలింగ సంబంధాల గురించిన ప్రశ్నలూ ఉన్నాయి. అశ్లీలమనే అభియోగంపై 1934లో కేసు నడిచినప్పుడు ఆయన పక్షాన వాదించినవాడు అంబేడ్కరే. కేసు ఓడిపోయింది, కర్వేకు జరిమానా పడింది. అయినా, అజ్ఞానాన్ని జ్ఞానంతోనే తొలగించాలనే దృష్టి అక్కడ నిలిచింది. యేవలా ప్రకటనకు ఇంకా ఏడాదిన్నర ఉన్న కాలమది.

2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు వయోజనుల పరస్పర అంగీకార సంబంధాలను నేరపరిధి నుండి తొలగించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే స్వలింగ ఆకర్షణను వ్యాధుల జాబితా నుండి తీసివేసింది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఆత్మహత్యకు యత్నించినవారిని తీవ్ర ఒత్తిడికి గురైనవారిగా భావించాలన్నది, లైంగిక ధోరణి కారణంగా వైద్యంలో వివక్ష కూడదన్నది. ఛత్తీస్‌గఢ్ పోలీసు శాఖ 2021లో 13 మంది ట్రాన్స్‌జెండర్ వ్యక్తులను కానిస్టేబుళ్ళుగా ఎంపిక చేసింది.

చట్టం మారినంత త్వరగా ఇల్లు మారదు. జాతీయ నేర నమోదు సంస్థ లెక్కల ప్రకారం 2022లో దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారు. వారిలో 13,044 మంది విద్యార్థులు. లక్ష జనాభాకు దేశ సగటు 12.4 కాగా ఛత్తీస్‌గఢ్‌లో అది 28.2. వీరిలో ఎందరు తమ ప్రేమను ఎవరికీ చెప్పుకోలేక పోయారో ఆ పట్టికలు చెప్పవు, ఎందుకంటే ఆ గడి వాటిలో లేదు. ఆత్మహత్యకు కారణం ఒక్కటే ఉండదు. అయితే ఇంట్లో తిరస్కారం, బడిలో హేళన ఆ ప్రమాదాన్ని పెంచుతాయని, ఆదరించే పెద్ద ఒక్కరున్నా అది తగ్గుతుందని పరిశోధనలు చూపాయి.

కనుక రాయపూర్, భిలాయి, బిలాస్‌పూర్‌లలో స్థిరపడిన తెలుగు కుటుంబాల పెద్దలకు, ఉపాసకులకు ఒక మనవి. బిడ్డ నోరు విప్పి చెప్పిన నాడు ముందుగా వినండి. పెళ్ళి చేస్తే కుదురుకుంటాడని, పూజలతో మారుతుందని అనకండి. బతుకు వద్దనే మాట వినబడితే, ఆ ఆలోచన వస్తున్నదా అని నేరుగా అడగండి. అలా అడిగితే ఆ తలపు కొత్తగా పుట్టదు, లోపలి భారం దిగుతుంది. ఒంటరిగా విడిచిపెట్టకుండా వైద్యుని వద్దకు తీసుకువెళ్ళండి. టెలిమానస్ సంఖ్య 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

ఇలాంటి వాడు పుట్టకపోయినా బాగుండేది అనే మాట మన ఇళ్ళలో తేలికగా దొర్లుతుంది. వినయ దృష్టితో చూస్తే అది మరణాన్ని పొగిడే మాటకు ఎంతో దూరంలో లేదు. వైశాలిలో సంఘం పలుచబడటం చూసి బుద్ధుడు కారణం అడిగాడు. మన సంఘంలో ఎవరు కనబడకుండా పోతున్నారో అడగవలసిన వంతు ఇప్పుడు మనది.