నల్లబల్లకెక్కని పేర్లు

తెలుగువాళ్లకు పిట్స్‌బర్గ్ అనగానే పెన్ హిల్స్‌లోని వేంకటేశ్వరస్వామి గుడి గుర్తొస్తుంది. ఆ ఊరివాళ్లకు మాత్రం ముందు గుర్తొచ్చేది స్టీలర్స్ జట్టు. 2026 ఏప్రిల్ 23 నుంచి 25 వరకు నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ డ్రాఫ్ట్‌కు ఆ నగరమే వేదిక. కాలేజీ ఆట ముగించిన కుర్రాళ్లను 32 జట్లు వంతులవారీగా ఎంచుకునే తంతు ఇది. మొదలై 90 ఏళ్లయింది. కోలబంతిని చేత పట్టుకుని పరిగెత్తే ఈ అమెరికన్ ఫుట్‌బాల్‌లో పెద్ద యూనివర్సిటీల వీరులను గుర్తించడం ఏనాడూ కష్టం కాలేదు. వాళ్ల గురించి పేపర్లే రాసేవి. చిన్న కాలేజీల్లో ఆడేవాళ్లను ఎవరు చూశారన్నదే చెప్పుకోదగ్గ చరిత్ర. ఆ చరిత్రలో పిట్స్‌బర్గ్‌ది పెద్దపీట.

మొదటి డ్రాఫ్ట్ 1936 ఫిబ్రవరి 8న ఫిలడెల్ఫియాలోని రిట్జ్ కార్ల్‌టన్ హోటల్లో జరిగింది. నల్లబల్ల మీద దాదాపు 90 పేర్లు రాశారు. తొమ్మిది జట్లు కలిసి 81 మందిని తీసుకున్నాయి. ఊరూరా తిరిగి ఆట చూసొచ్చే స్కౌట్లు అప్పటికి లేరు. పేపర్లో చదివిందీ, తెలిసిన కోచ్ చెప్పిందీ ఆధారం. అందరికంటే ముందు ఎంపికైన జే బెర్వాంగర్ ఆ లీగ్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. 1934 నుంచి 1945 దాకా లీగ్‌లో నల్లజాతి ఆటగాడన్నవాడే లేడు కాబట్టి, ఆ బల్ల మీద ఎవరి పేర్లకు చోటు లేదో వేరే చెప్పనక్కర్లేదు.

తర్వాత రామ్స్ జట్టు ఎడ్డీ కోటల్ అనే ఆయన్ను పూర్తికాలపు స్కౌట్‌గా పెట్టుకుంది. 1949లో లూసియానాలోని గ్రాంబ్లింగ్ కాలేజీ నుంచి టాంక్ యంగర్‌ను తెచ్చుకుంది. నల్లజాతి కాలేజీ నుంచి ఈ లీగ్‌కు వచ్చిన తొలి ఆటగాడు అతనే. డ్రాఫ్ట్‌లో అతన్ని ఎవరూ అడగలేదు. 1960ల్లో డాలస్ కౌబాయ్స్ స్కౌట్ల నివేదికలను కంప్యూటర్‌కెక్కించింది. ఆ ప్రోగ్రాం రూపొందించిన గణాంక నిపుణుడు సలాం ఖురేషీ మన దేశంలో పుట్టినవాడు.

ఇక బిల్ నన్ దగ్గర ఆగాలి.

ఆయన పిట్స్‌బర్గ్‌లోనే 1924లో పుట్టాడు. కాలేజీలో బాస్కెట్‌బాల్ బాగా ఆడాడు. ఆట వదిలి, తండ్రి పనిచేసే పిట్స్‌బర్గ్ కొరియర్ అనే నల్లజాతి వారపత్రికలో విలేఖరిగా చేరాడు. 1950 నుంచి ఏటా నల్లజాతి కాలేజీల అత్యుత్తమ ఆటగాళ్ల జాబితా ప్రకటించేవాడు. దక్షిణాది పెద్ద యూనివర్సిటీలు నల్లజాతి పిల్లలను జట్లలోకి రానివ్వని రోజులవి. అందుకే అక్కడి మేటి నల్లజాతి ఆటగాళ్లంతా గ్రాంబ్లింగ్, సదరన్, టెనెసీ స్టేట్ లాంటి చోట్లకే చేరేవారు. వాళ్ల ఆట ఏళ్లతరబడి కళ్లారా చూసి, కోచ్‌లతో మాట్లాడి తయారుచేసిన ఆ జాబితా ప్రతి వాక్యమూ పనికొచ్చే స్కౌటింగ్ నివేదికే. సొంత ఊరి జట్టుకు మాత్రం అది పట్టలేదు. 1933లో పుట్టిన స్టీలర్స్‌కు అప్పటికి ఒక్క ప్లేఆఫ్ విజయం కూడా లేదు.

నన్‌కు స్టీలర్స్ అంటే గిట్టదని యజమాని కొడుకు డాన్ రూనీ చెవిన పడింది. పిలిపించి కారణమడిగాడు. నన్ మొహమాటపడలేదు. ఇన్నేళ్లుగా జాబితా వేస్తున్నా ఈ జట్టు నుంచి తనను అడిగినవాడే లేడని, ఇలాగైతే మీరు గెలవరని ముఖం మీదే చెప్పాడు. రూనీ చిన్నబుచ్చుకోలేదు, ఉద్యోగం ఇస్తానన్నాడు. అలా 1967లో నన్ ముందు పార్ట్‌టైమ్‌గా, కొన్నాళ్లకు పూర్తికాలం స్కౌట్‌గా చేరాడు.

ఆయనకున్న ఆస్తి స్టాప్‌వాచ్ కాదు, పరిచయాలు. ఇతర జట్ల స్కౌట్లు మైదానానికి వచ్చి పిల్లల ఎత్తూ బరువూ రాసుకుని వెళ్లిపోయేవారు. నన్ ఆ కాలేజీల్లో ఇంటి మనిషి. ఏ కుర్రాడు దెబ్బ తగిలినా ఆడతాడో, ఎవడు ప్రాక్టీసుకు ఎగనామం పెడతాడో కోచ్‌లు దాచకుండా చెప్పేవారు. 1969లో చక్ నోల్ కోచ్‌గా వచ్చాక ఆ సమాచారానికి విలువ దక్కింది. ఆ ఏడు పదో రౌండ్‌లో ఆర్కన్సా ఎ ఎం అండ్ ఎన్ కాలేజీ నుంచి ఎల్.సి. గ్రీన్‌వుడ్, మరుసటేడు సదరన్ నుంచి మెల్ బ్లౌంట్, 1971లో టెక్సస్ సదరన్ నుంచి ఎర్నీ హోమ్స్ వచ్చారు.

జాన్ స్టాల్‌వర్త్ ఉదంతం వీటన్నిటికంటే రసవత్తరం. అలబామా యూనివర్సిటీ ఉన్న టస్కలూసాలోనే పుట్టినా, అతను ఆడింది హంట్స్‌విల్‌లోని అలబామా ఎ అండ్ ఎం కాలేజీకి. విసిరిన బంతిని పరిగెడుతూ అందుకోవడం అతని పని, కాబట్టి వేగం ముఖ్యం. స్కౌట్లంతా కలిసి వెళ్లి 40 గజాల పరుగు పెట్టించారు. నేల తడిగా ఉండి టైమింగ్ చప్పగా వచ్చింది. అందరూ మరో ఊరికి బయల్దేరితే, ఒంట్లో బాగాలేదని నన్ ఒక్కడే ఆగిపోయాడట. మర్నాడు పొడినేల మీద మళ్లీ పరిగెత్తించి, అసలు వేగమెంతో కళ్లారా చూసుకున్నాడు. అతని ఆట ఫిల్మ్ కూడా తెచ్చుకుని బయటివాళ్ల చేతికి పోనివ్వలేదని స్టీలర్స్ మనుషులు ఇప్పటికీ మురిపెంగా చెప్పుకుంటారు. ఆ ఫిల్మ్ చూసిన నోల్‌కు ఓపిక పట్టలేదు, మొదటి రౌండ్‌లోనే తీసుకుందామన్నాడు. తొందరొద్దు, నాలుగో రౌండ్ దాకా ఉంటాడని నన్ ఆపాడు. మూడో రౌండ్ వంతు స్టీలర్స్‌కు లేదు, ముందే మరో జట్టుకు ఇచ్చేశారు. మధ్యలో ఎవరైనా ఎగరేసుకుపోతే చేసేదేమీ లేదు. ఆ నిరీక్షణలో నన్ చూపిన నిబ్బరం సామాన్యమైనది కాదు. మిగతా జట్లకు ఆ కుర్రాడి గురించి ఎంత తెలుసో, ఎంత తెలియదో ఆయనకు అంత కచ్చితంగా తెలుసు.

1974 జనవరి 29, 30 తేదీల్లో జరిగిన డ్రాఫ్ట్ 17 రౌండ్లలో 442 మంది ఎంపికయ్యారు. 82వ పేరు స్టాల్‌వర్త్‌ది. ఆ డ్రాఫ్ట్‌లో స్టీలర్స్ తీసుకున్న స్వాన్, లాంబర్ట్, స్టాల్‌వర్త్, వెబ్‌స్టర్ నలుగురూ ఆట దిగ్గజాలకే చోటు దక్కే హాల్ ఆఫ్ ఫేమ్‌కు చేరారు. సౌత్ కెరొలినా స్టేట్‌లో ఆడిన డానీ షెల్‌ను ఆ 442 మందిలో ఏ జట్టూ లెక్కేయలేదు. అతన్నీ నన్ పిలిపించాడు. 14 సీజన్లు ఆడిన షెల్ 2020లో అదే గౌరవం అందుకున్నాడు. 1975 నుంచి 1980 మధ్య స్టీలర్స్ లీగ్ ఫైనలైన సూపర్‌బౌల్‌ను నాలుగుసార్లు గెలిచింది.

అక్కడి నుంచి కథ ఒక దారిన సాగదు. దక్షిణాది యూనివర్సిటీలు తలుపులు తీశాయి. ఎన్నడో జరగాల్సిన న్యాయమది. దాంతో గ్రాంబ్లింగ్‌లకు రావాల్సినవాళ్లు అటు మళ్లారు. అయినా 1985లో మిసిసిపీ వ్యాలీ స్టేట్ నుంచి జెర్రీ రైస్ వచ్చి, బంతి అందుకోవడంలో అందరి రికార్డులూ దాటేశాడు. స్కౌటింగ్ కూడా మారింది. 1987 నుంచి కుర్రాళ్లను ఇండియానాపొలిస్‌కే పిలిపించి ఒక్కచోట పరిగెత్తిస్తున్నారు. పిలుపు అందనివాడి సంగతి ఏమిటన్నది పాత ప్రశ్నే.

2014లో కన్నుమూసిన నన్‌ను 2021లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు. ఆయన జీవితమంతా తిరిగిన కాలేజీల నుంచి ఆ ఏడాది డ్రాఫ్ట్‌లో ఒక్కరూ ఎంపిక కాలేదు. మరుసటేడు నలుగురికి అవకాశం దొరికింది. వారిలో ఫయెట్‌విల్ స్టేట్ అనే డివిజన్ టూ కాలేజీ కుర్రాడు జాషువా విలియమ్స్ తొలి సీజన్లోనే కాన్సస్ సిటీతో సూపర్‌బౌల్ గెలిచాడు. ఇది సంతోషించాల్సిన సంగతి. కానీ కాలేజీ మారడాన్ని తేలిక చేస్తూ 2018లో మొదలైన ట్రాన్స్‌ఫర్ పోర్టల్ వల్ల, చిన్నచోట కాస్త మెరిసిన కుర్రాడు ఏడాది తిరిగేసరికి పెద్ద యూనివర్సిటీలో తేలుతున్నాడు. దేశమంతా కోరుకున్న ట్రావిస్ హంటర్ 2022లో జాక్సన్ స్టేట్‌లో చేరినప్పుడు పాతకాలం తిరిగొచ్చిందని చాలామంది పొంగిపోయారు. మరుసటేడే అతను కోచ్ డియాన్ శాండర్స్‌తో పాటు కొలరాడోకు వెళ్లిపోయాడు. 2025 డ్రాఫ్ట్‌లో రెండో ఆటగాడిగా జాక్సన్‌విల్ జట్టు అతన్ని తీసుకుంది, కొలరాడో విద్యార్థిగా.